జేబులో కన్ను

ఆ వీడియో తీసిన ఫోను, దాలమ్మ ఎవరి గుండె మీద పడి ఏడ్చిందో ఆ మనిషి చొక్కా జేబులోనే ఉందని మంగళవారం మధ్యాహ్నం రెండుంపావుకి యోగిత కనిపెట్టింది.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. చేతులు చున్నీకి తుడుచుకుంది. చేతులకేమీ అంటలేదు. అయినా తుడుచుకుంది.

టాటానగర్‌లోని సాక్చి బజారులో ఆమె పనిచేసే పెళ్ళి వీడియోల దుకాణం అది. యజమాని భోజనానికి వెళ్ళాడు. ఆ గంటలో ముప్ఫై నాలుగు సెకన్ల క్లిప్పుని పొరలు పొరలుగా విప్పింది. పైనున్న డీజే దరువు తీసేసింది. దాని కింద పరిచిన కీబోర్డు మోత తీసేసింది. అడుగున దాలమ్మ గొంతు మిగిలింది. ఆ గొంతు వెనకాల గుడ్డ రాపిడి. ఆ రాపిడి వెనకాల ఒక మగవాడి ఊపిరి.

ఫ్రేము అడుగున ఉన్న నల్లటి గీతని ఇన్నాళ్ళూ గుమ్మం కర్టెను అంచు అనుకుంది. పెద్దది చేసి చూస్తే కుట్టు కనిపించింది. జేబు మూతి కుట్టు. దాలమ్మ కన్నీటి చుక్కలు లెక్కపెట్టగలిగేంత దగ్గరగా ఎందుకు కనిపిస్తున్నాయో అప్పుడర్థమైంది.

అన్నిటికంటే యోగిత మళ్ళీ మళ్ళీ విన్నది ఆ ఊపిరినే. తన గుండె మీద ఒక తల్లి తల బాదుకుంటుంటే ఆ ఊపిరి ఒక్కసారి కూడా తడబడలేదు. వెక్కిళ్ళు లేవు. గుటక లేదు. టికెట్ కౌంటరు ముందు తన వంతు కోసం నిలబడ్డవాడి ఊపిరిలా ఉంది.

ఇరవై మూడు రోజుల కిందట, గమ్హరియాలో ఇనుము పోతపోసే ఒక చిన్న ఫౌండ్రీకి రాత్రి షిఫ్టు పనికి వెళ్ళిన పైడిబాబు తెల్లవారకముందే అక్కడే కుప్పకూలి ప్రాణం విడిచాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. భుయ్యాడీహ్ వీధిలో ఇడ్లీలమ్మే దాలమ్మకి, అంటే యోగిత పిన్నికి, ఒక్కడే కొడుకు. ఆ రోజే సుబర్ణరేఖ ఒడ్డున దహనమైపోయింది. భార్య పద్మశ్రీ శవాన్ని చూడగానే పడిపోతే యోగిత ఆమెని నర్సింగ్‌హోముకి తీసుకెళ్ళింది. అందుకే ఆ రోజు దాలమ్మ ఏడ్చిన ఏడుపు వాళ్ళిద్దరూ వినలేదు.

పదో రోజు కర్మ జరుగుతుండగా, పేరూ ఊరూ లేని ఒక పేజీలో ఆ క్లిప్పు వచ్చింది. తల్లి ఏడుపుకి డప్పుల దరువు కట్టారు. కింద హిందీ అక్షరాలు వేశారు: నా చేత్తోనే డబ్బా కట్టాను, నేనే చంపాను. మన తెలుగు ఊళ్ళ వైపు ఆడవాళ్ళు శవం దగ్గర తమని తాము తిట్టుకోవడం, నేనే చంపుకున్నాననడం కొత్త కాదు. పక్కన కూర్చున్నవాళ్ళకి అదేమిటో తెలుసు, ముక్కు చీదుకుని వీపు నిమురుతారు. రీలు చూసేవాళ్ళకి ఆ సంగతి తెలియదు. మూడో రోజుకల్లా ఒక క్రైం ఛానల్ స్టీలు డబ్బా బొమ్మ మీద ఎర్ర బాణం గుర్తు వేసి, టిఫినులో విషమా అని అడిగింది. పోస్టుమార్టం ఎందుకు చేయించలేదని వేలమంది కామెంట్లు పెట్టారు. దాలమ్మ ఇడ్లీలు కొనేవాళ్ళు వీధి మార్చుకున్నారు. పద్మశ్రీ కూతుర్ని తీసుకుని ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయింది.

ఊళ్ళో చుట్టాలకి చూపించడానికని ఆ రోజు వీడియో కాల్ పట్టుకున్న పైడిబాబు స్నేహితుడు ధర్మరాజే ఈ పని చేశాడని బస్తీ అంతా నమ్మింది. అతని ఫోను నేలకేసి కొట్టారు, అతన్నీ కొట్టారు. కానీ ధర్మరాజు ఆ రోజంతా గుమ్మం దాటి లోపలికి రాలేదని యోగిత పోయిన వారమే తేల్చింది. వీడియో లోపల తీసింది. కింద హిందీలో వేసిన మాటలు తెలుగు వచ్చినవాడే రాయాలి. అంటే మనవాడే.

యోగిత గడియారం చూసుకుంది. ఐదు గంటలకి లైవ్ ఉంది.

ఆ లైవ్ ఏర్పాటు చేసింది ఆమె మేనమామ బంగారురాజు. దాలమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. రైల్వేలో పార్సిళ్ళ దగ్గర పని. 'అక్కకి న్యాయం' అని ఊరంతటికంటే గట్టిగా అరిచింది అతనే. తన పేజీలో రోజూ కళ్ళు తుడుచుకుంటూ ఆ క్లిప్పు తీసేయమని దండం పెడుతున్నాడు. ఇప్పుడు క్రైం ఛానల్‌వాళ్ళనే ఇంటికి పిలిపించి, తన దగ్గరే ఉంటున్న పద్మశ్రీ చేత నాలుగు మాటలు చెప్పిస్తే గొడవ సద్దుమణుగుతుందన్నాడు. పద్మశ్రీ ఏం చెబుతుందో ఎవరికీ తెలియదు. ఆమె నోట అత్త మీద అనుమానమనే మాట ఒక్కటి దొర్లితే చాలు, నాలుగేళ్ళ పాప ఇక దాలమ్మ ఒళ్ళోకి రాదు.

యోగిత షట్టరు దించి, క్లిప్పు ఫోనులో వేసుకుని, భుయ్యాడీహ్ ఆటో ఎక్కింది.

*

ఇడ్లీ కుక్కరు బోర్లించి ఉంది. ఇరవై రెండేళ్ళలో ఆ గిన్నె పగటిపూట పొడిగా ఉండటం యోగిత ఎప్పుడూ చూడలేదు. దాలమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. పక్కింటి సన్యాసమ్మ ఆమె ముందు టీ గ్లాసు పెట్టి, తాగేదాకా కదలనన్నట్టు కాపలా కాస్తోంది.

యోగిత విషయం చెప్పింది. జేబు సంగతి చెప్పింది. ఊపిరి సంగతి మాత్రం చెప్పలేదు. సంగీతం తీసేసి అసలు ఏడుపు ఒక్కటే వినిపిస్తాననీ, అప్పుడు ఎవరు ఎదురుగా ఉన్నారో పిన్నికి గుర్తొస్తుందేమోననీ అంది.

దాలమ్మ ఆ క్లిప్పు పూర్తిగా ఒక్కసారి కూడా వినలేదు. వీధిలో వినిపిస్తే చెవులు మూసుకునేది.

"నా ఏడుపు నాకేటి ఇనిపిత్తావే?" అంది.

"ఒక్కసారే పిన్నీ. తరవాత అడగను."

దాలమ్మ టీ గ్లాసు పక్కకి జరిపింది. అది ఒప్పుకోలు.

యోగిత ఫోను నేల మీద పెట్టి నొక్కింది. దరువు లేకుండా ఆ గొంతు బయటికి వచ్చేసరికి సన్యాసమ్మ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

"...సైకిలు కేరేజీ మీద కూకోబెట్టి ఏటి గట్టంతా తిప్పినావు... ఇప్పుడు లెగమని నువ్వు సెప్పు... నువ్వు సెప్తే ఇంటాడు..."

అక్కడ చిన్న కోత. వెంటనే ఇంకో ముక్క.

"...నా సేత్తోనే డబ్బా కట్టినాను... నేనే సంపుకున్నాను కొడకా..."

క్లిప్పు అయిపోయింది. ముందు మాట్లాడింది సన్యాసమ్మ. ఈ రెండు ముక్కల మధ్య ఉన్న మాట ఏమైందని అడిగింది. తను పక్కనే కూర్చుంది, తనకి బాగా గుర్తుంది. ముందు రోజు సాయంత్రం ఒంట్లో నలతగా ఉంది, డ్యూటీకి పోనని పైడిబాబు పడుకుంటే, నాగా పెడితే ఎలాగని దాలమ్మే లేపి పంపింది. 'వద్దన్నవాణ్ణి నేనే లేపినాను, నేనే డూటీకి తోలినాను' అని ఏడ్చింది. ఆ మాట వీడియోలో లేదు. డబ్బా ఉంది, చంపడం ఉంది, లేపడం లేదు.

"ఇది పాటనుకున్నారే ఆళ్ళు," అంది సన్యాసమ్మ. "పాట కాదిది. ఎవులు గుమ్మంలోకొత్తే ఆళ్ళని పట్టుకుని, ఆళ్ళకీ సచ్చినోడికీ ఉన్నదంతా సెప్పుకుని ఏడుత్తాం. నాను ఎల్తే నా మాటుంటాది. నువ్వెల్తే నీ మాటుంటాది. ఒకళ్ళ ఏడుపు ఇంకొకళ్ళకి ఎయ్యరు."

యోగితకి కావలసింది అదే. ఆమె పెదనాన్న కూతుళ్ళు ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగారు, చావింట్లో ఏం మాట్లాడాలో తెలియక ఫోను చూసుకుంటారు. ఆమె కూడా అంతకంటే మెరుగేమీ కాదు. కానీ ఈ వీడియో కోసినవాడికి ఆ సంప్రదాయం తెలుసు. తెలిసే, ఎవరిని పట్టుకుని ఏడుస్తోందో తెలిపే పిలుపుని కత్తిరించేశాడు. పిలుపు తీసేశాడు గాని సైకిలు తీసేయలేదు.

"అన్నయ్యని సైకిలు మీద ఏటి గట్టంతా తిప్పింది ఎవరు పిన్నీ? ధర్మరాజా?"

దాలమ్మ తలెత్తింది. ఆ ప్రశ్న ఆమెకి అర్థమవడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ముఖంలో ఏమీ మారలేదు. చేతులు మాత్రం ఒడిలోంచి జారి నేల మీద పడ్డాయి.

"ధర్మరాజుకి సైకిలెక్కడిదే. ఆ పాత సైకిలు మా తమ్ముడిది," అంది.

సన్యాసమ్మ టీ గ్లాసు తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు.

అప్పుడు దాలమ్మ తమ్ముడి తరఫున మాట్లాడటం మొదలెట్టింది. వాణ్ణి తనే ఎత్తుకు పెంచింది. మొగుడు పోయాక ఇడ్లీల బండి పెట్టించింది వాడే. అలాంటివాడి జేబులో ఫోను ఉండొచ్చు, అందరి జేబుల్లోనూ ఉంటుంది, దానంతటదే నొక్కుకుపోయి ఉండొచ్చు. యోగిత కాదనలేదు. వింటూ కూర్చుంది.

"రెండుసార్లొచ్చాడే వాడు," అంది దాలమ్మ. "అందరూ ఒక్కసారొచ్చి ఏడిసి కూకున్నారు. వాడొచ్చి, తట్టుకోలేక ఈదిలోకెల్లిపోయి, మల్లా ఈదిలోంచొచ్చి నన్ను పట్టుకున్నాడు. అప్పుడే వచ్చినోడిలాగ. నానూ మల్లా మొదట్నించి ఏడిసినాను. అంత పేగు తీపి ఎవులికుంటాది?"

సన్యాసమ్మ గోడ మీది ట్యూబులైటు వైపు చూసింది. ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటిదాకా బస్తీలో కరెంటు లేదని, కిటికీ లేని ఆ గదిలో శవం పక్కన దీపమొక్కటే వెలుగని అంతకు ముందెప్పుడో యోగితతో ఆమే చెప్పింది. యోగిత క్లిప్పు మళ్ళీ చూసింది. దాలమ్మ ముఖం మీద ట్యూబులైటు తెల్లగా, చదునుగా పడుతోంది.

తను మావయ్య ఇంటికి వెళ్తున్నానంది.

దాలమ్మ లేచింది. కొడుకు పోయిన రోజునుంచి ఆమె ఆ వీధి దాటలేదు. మూలన చెప్పుల కోసం వెతుక్కుంటుంటే, వద్దు పిన్నీ అని యోగిత అనబోయింది.

"నా తమ్ముడింటికి నానెల్లడానికి నీ పరిమిసనేటే?" అంది దాలమ్మ.

*

సాక్చి దగ్గర ఆటో ఆగిపోయింది. హోల్‌సేల్ బస్తాల రిక్షాలు అడ్డంగా నిలిచాయి. దాలమ్మ పక్కన కాలేజీ అమ్మాయి ఒకతి కూర్చుని ఫోను మీద బొటనవేలు పైకి తోసుకుంటూ పోతోంది. ఒక్కో వీడియో రెండు సెకన్లు, మూడు సెకన్లు. వంట, కుక్కపిల్ల, దెబ్బలాట, వంట. అప్పుడు దరువు మొదలైంది.

యోగిత చేయి చాపేలోగానే దాలమ్మ తలతిప్పి తెర వంక చూసింది.

దాలమ్మ వీడియో కాదది. ఎవరో అమ్మాయి, పద్దెనిమిదేళ్ళుంటాయి. బుగ్గల మీద మెరిసే రంగుతో కన్నీళ్ళు దిద్దుకుంది. జుట్టు అందంగా చెదరగొట్టుకుంది. దాలమ్మ ఏడుపుకి తగ్గట్టు పెదాలు ఆడిస్తూ గుండె మీద గుద్దుకుంటోంది. 'కొడకా' అన్నచోట కెమెరాకి కన్ను కొట్టింది. పక్కనున్న అమ్మాయి నవ్వి, అది తన స్నేహితురాలికి పంపి, పైకి తోసేసింది. మళ్ళీ కుక్కపిల్ల.

దాలమ్మ యోగిత చెవి దగ్గరికి వంగింది.

"ఆ గుంటకి ఎవులు పోయారే?"

"ఎవరూ పోలేదు పిన్నీ."

దాలమ్మ తల ఊపింది. ఆ తర్వాత టాటానగర్ స్టేషను దాకా బయటికే చూస్తూ కూర్చుంది. యోగిత తన ఫోను బ్యాగు అడుగుకి తోసి జిప్పు వేసింది. తన రోజూ పని గుర్తొచ్చింది. పెళ్ళికూతురు అప్పగింతల్లో ఏడ్చే చోట దృశ్యం నెమ్మది చేసి వయొలిన్ కలపడం. కన్నీరు సరిగా పడకపోతే ఇంకో కెమెరాలోది వెతికి అతికించడం. ఆ పని చేసినందుకు అందరూ మెచ్చుకుంటారు. మొదటిసారి ఆమెకి తన వేళ్ళు కూడా అసహ్యంగా అనిపించాయి.

*

బంగారురాజు క్వార్టర్లో తలుపు తీసే ఉంది. ముందు గదిలో మంచం తీసేసి, గోడకి లేత నీలం దుప్పటి మేకులు కొట్టి బిగించారు. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీ పక్కన స్టూలు మీద పైడిబాబు ఫోటో, బంతిపూల దండ. ఎదురుగా చక్రంలాంటి లైటు. ఛానల్‌వాళ్ళు ఇంకా రాలేదు.

నలభై ఆరేళ్ళ బంగారురాజు నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోటోకి దండ సర్దుతున్నాడు. అద్దం మీద లైటు మెరవకుండా ఫోటోని కాస్త వాల్చాడు. వెనక్కి జరిగి చూశాడు. ఇంకొంచెం వాల్చాడు.

మూలలో పైడిబాబు కూతురు చాప మీద బోర్లా పడుకుని టాబ్ చూస్తోంది. కాళ్ళు గాల్లో ఊపుతూ ఏదో రాగం తీస్తోంది. యోగిత రెండడుగులు వేశాక ఆ రాగమేమిటో తెలిసింది. నాయనమ్మ ఏడుపు. మాటలు రావు పిల్లకి, దరువుతో సహా రాగమొక్కటే వచ్చేసింది.

"ఏయ్ యోగితా, ఎక్దమ్ టైముకొచ్చావు," అన్నాడు బంగారురాజు. "ఆ లైటు కొంచెం ఇటు తిప్పు. వదిన్ని పిలు. తెల్ల చీర కట్టుకోమంటే కట్టనంటంది. కాటుక తుడిసెయ్యమను. బుర్రలో పెట్టు, నువ్వు సెప్తే ఇంటాది."

"వదిన ఏం చెబుతుంది మావయ్యా?"

అతను నవ్వాడు. నిజమే చెబుతుందన్నాడు. ఆ రోజు తను స్పృహలో లేదనీ, డబ్బా ఎవరు కట్టారో తనకి తెలియదనీ చెబితే చాలన్నాడు. అత్తని ఒక్క మాట అనక్కర్లేదు. జనం వాళ్ళే అనుకుంటారు. ఆ తర్వాత రేపు అక్కతో ఇంకో లైవ్ పెట్టి, నా కొడుకుని నేను చంపలేదని అక్క చేత చెప్పిస్తే కథ పూర్తవుతుందన్నాడు.

"కథా?" అంది యోగిత.

అతను జవాబు చెప్పేలోగా గుమ్మంలో దాలమ్మ నిలబడింది.

కొడుకు పోయాక తమ్ముడి గడప తొక్కడం ఇదే మొదలు. ఇంటికొచ్చినవాళ్ళనే కాదు, తను వెళ్ళిన ఇంటివాళ్ళని కూడా పట్టుకుని ఆమె ఒకసారి ఏడవాలి. అది వాళ్ళ పద్ధతి. బంగారురాజుకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అక్క ముఖం చూడగానే అతని ముఖం ఏడుపుకి సిద్ధమైపోయింది. చేతులు చాచి ఎదురొచ్చాడు.

చాచింది ఎడమ చేయి ఒక్కటే. కుడి చేయి చొక్కా జేబు దగ్గరికి వెళ్ళి, బొటనవేలితో ఏదో నొక్కి, అప్పుడు చాచుకుంది.

యోగిత చూసింది. దాలమ్మ కూడా చూసింది.

ఆమె తమ్ముడి మీద పడలేదు. దగ్గరికి వచ్చి అతని జేబులో వేళ్ళు పెట్టి ఫోను బయటికి తీసింది. ఇడ్లీ రేకు పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో అంచు పట్టుకుంది. తెర మీద రికార్డింగు అంకెలు ఒక్కొక్క సెకనూ పెరుగుతున్నాయి. యోగిత అందుకుని దాన్ని ఆపేసింది. లైటు వెనక స్టూలు మీద బోర్లా పెట్టింది.

లోపలి గది తలుపు దగ్గర పద్మశ్రీ వచ్చి నిలబడింది. తెల్ల చీర కట్టుకోలేదు. కళ్ళకి కాటుక ఉంది.

"క్యా హువా?" అంది.

పాప రాగం ఆపి అందరి వంకా చూసింది.

బంగారురాజు ముందు నవ్వబోయాడు. జేబులో ఫోను ఉంటే నేరమా అన్నాడు. చేయి తగిలిందన్నాడు. యోగితకి సాక్చిలో చదువెక్కువైందన్నాడు. యోగిత జేబు కుట్టు సంగతి చెప్పింది, సైకిలు సంగతి చెప్పింది, కత్తిరించిన 'లేపినాను' సంగతి చెప్పింది. అన్నిటికీ అతని దగ్గర ఒక మాట ఉంది. ఊళ్ళో పెద్దనాన్నకి పంపడానికి తీశానన్నాడు. ఆ ఫోను ఎవరో హ్యాక్ చేశారన్నాడు. క్రైం ఛానల్‌వాళ్ళే ముక్కలు కోశారన్నాడు. ప్రతి మాటా చెబుతున్నప్పుడు అతని కళ్ళు బోర్లా పెట్టిన ఫోను వైపే వెళ్తున్నాయి.

దాలమ్మ ఇవేమీ విన్నట్టు లేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. చక్రం లైటు ఆమె ముఖం నిండా పడింది. కళ్ళు చికిలించి దానికేసి చూసింది, తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరే బంగారూ. నాకివన్నీ తెలవ్వు. నాకొక్కటే సెప్పు. ఆ పొద్దు నువ్వు రెండోసారి ఎందుకొచ్చినావు?"

అతను బోర్లా ఉన్న ఫోను వైపు చూశాడు. యోగిత వైపు చూశాడు. పద్మశ్రీ వైపు చూశాడు. పద్మశ్రీ తలుపు దగ్గర్నుంచి కదిలి, ఫోటో మీది దండ సరిచేసి, వాల్చిన ఫోటోని నిటారుగా నిలబెట్టింది. లైటు అద్దం మీద పడి పైడిబాబు ముఖం తెల్లటి మరకైపోయింది.

"సెప్పండి మావయ్యా," అంది తెలుగులో. ఆమె తెలుగులో మాట్లాడి చాలా రోజులైంది.

బంగారురాజు నేల మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా నలుగుతుందని కూడా చూసుకోలేదు. మాట్లాడటం మొదలెట్టాక ఆపలేదు. ఏడవలేదు. యోగిత హెడ్‌ఫోన్లలో విన్న ఊపిరే, అలాగే, ఒకే తీరుగా వచ్చిపోతోంది.

"తీసింది నేనే అక్కా. కోసింది నేనే. హిందీ రాసింది నేనే. ఆ పేజీ కూడా నాదే, నా పేరెట్టలేదంతే. ఛానలోళ్ళకి డబ్బా సంగతి సెప్పింది కూడా నేనే. పెద్దనాన్నకి పంపడానికనేది అబద్ధం. వాడు పోయాడని ఫోనొచ్చినప్పుడు ముందు ఏడుపే వచ్చింది, ఒట్టు. రోడ్డు మీద బండి ఆపి ఏడిసినాను. మల్లా బండెక్కేసరికి, అక్క ఎలగ ఏడుత్తాదో అనిపించింది. ఆ ఏడుపు ఇక్కడోళ్ళెవులూ ఇన్లేదు కదా అనిపించింది. పంతొమ్మిదేళ్ళు పార్సిళ్ళు మోసినాను. నా పేరు ఎవులికీ తెలవదు. మూడేళ్ళు వీడియోలు పెట్టినాను, పండగలు పెట్టినాను, నా మాట పెట్టినాను, నూట పన్నెండు మంది చూసినారు. అందులో సగం మన సుట్టాలే. నీ ఏడుపు ఒక్క పూటలో నాలుగు లక్షలమంది చూసినారక్కా. డప్పు కలిపితే ఇరవై లక్షలు. నువ్వు వాణ్ణి లేపినావని రాస్తే ఎవుడాగుతాడు? సంపినావని రాస్తే ఆగుతాడు. ఆగుతారని తెలిసే రాసినాను. నీకింత అవుతాదని తెలవదు. లేదు, తెలుసు. మూడో రోజుకి తెలుసు. తీసేద్దామనే కూకున్నాను. అప్పుడే ఇంకో లక్ష వచ్చింది. తీసెయ్యలేకపోయాను.

"రెండోసారెందుకొచ్చినావంటావా. మొదటిసారి నువ్వు నామీద పడి ఏడిసినప్పుడు కరెంటు లేదక్కా. ఈదిలోకెళ్ళి చూసుకున్నాను. గొంతు బాగా పడింది. నీ మొగం పళ్ళేదు. కరెంటొచ్చేదాకా ఈది సివర టీ తాగతా నిలబడి, ట్యూబులైటెలిగినాక, నిన్ను మల్లా ఏడిపించడానికొచ్చినాను."